రేఖల్లో రాత్రి నగరం

ముద్రాచిత్రంలో రంగులు లేకపోవడం లోపమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. రంగు లేనిచోట రేఖ బాధ్యత పెరుగుతుంది. గోడ గరుకుదనాన్నీ, నేల నునుపునూ, రాత్రి చిక్కదనాన్నీ ఒక్క నల్లసిరాతోనే పలికించవలసి వస్తుంది.

అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ (1882–1967) 1921లో రూపొందించిన ‘నైట్ షాడోస్’ అనే ఎచింగ్ ఇందుకు చక్కని నిదర్శనం. జానెడు వెడల్పు గల ఆ చిత్రంలో నిర్మానుష్యమైన నగరవీధి ఎత్తైన మేడమీది నుంచి చూసినట్లు కనిపిస్తుంది. కాలిబాటపై ఒకే ఒక్క మనిషి నడిచిపోతుంటాడు. ఒక స్తంభపు నీడ అతని దారికి అడ్డంగా పొడవున పరచుకొని ఉంటుంది.

ఎచింగ్ ప్రక్రియ తెలిస్తే ఈ చిత్రం మరింత బోధపడుతుంది. రాగి వంటి లోహపు రేకుకు ఆమ్లం అంటని మైనపు పూత పూస్తారు. చిత్రకారుడు ఆ పూతను సూదితో గీరుతూ బొమ్మ గీస్తాడు. తరువాత రేకును ఆమ్లంలో ఉంచితే, గీరిన చోటనే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు తిన్న గీత లోతై, సిరాను అధికంగా పట్టి, కాగితంపై గాఢంగా అచ్చవుతుంది.

కనుక హాపర్ చిత్రంలోని చీకటి పులిమినది కాదు. గీతమీద గీతగా అల్లినది. ఆ అల్లికలో అక్కడక్కడ కాగితపు తెలుపు మెరుస్తుండటం వల్లనే చీకటికి ప్రాణం వచ్చింది. గీతలు చిక్కబడినచోట గోడ బరువెక్కింది. పలుచబడినచోట వెలుగు నేలమీద పరచుకుంది. ఆ బాటసారి ముఖకవళికలు మనకు తెలియవు. అయినా అతని ఒంటరితనం మనసుకు తాకుతుంది. ఆనందవర్ధనుడు కావ్యంలో ప్రతిపాదించిన ధ్వని వంటిదే ఇది.

చిత్రంలోని విషయం తెలిస్తే చాలదా అని కొందరు ప్రశ్నించవచ్చు. ‘రాత్రివేళ ఒంటరి నడక’ అంటే విషయం ముగుస్తుంది. కాని తాత్పర్యం చదివి పద్యం చదివామనుకోవడం ఎటువంటిదో, ఇదీ అటువంటిదే. పద్యానికి నడక ఎంతో, చిత్రానికి రేఖ అంత.

ఫోన్ తెరపై క్షణానికొక బొమ్మ కదిలిపోయే నేటి రోజుల్లో యువతకు ఈ అభ్యాసం ఎంతో అవసరం. నగరంలో మనుషులను కూడా మనం అలాగే దాటిపోతున్నాం. చూపు నిలపనివారికి హాపర్ బాటసారి చిన్న నల్లమచ్చ మాత్రమే. నిదానించి గీతగీతనూ చూసినవారికి, తన నీడతో కలసి ఇంటిదారి పట్టిన ఒక మనిషి అక్కడ కనిపిస్తాడు.