పరుగునకు తోడైన పలుకు



ఆరోగ్య విషయములకై వెలువరించిన ఈ సంచికయందు పాదరక్షలను గూర్చియు, పథ్యమును గూర్చియు పలువురు వ్రాసియున్నారు. పరుగెత్తువాని చెవిని గూర్చి రెండు మాటలు చెప్పుట మా వంతైనది.

విశాఖ సముద్రతీరమునందును, హైదరాబాదు కె.బి.ఆర్. పార్కు చుట్టును వేకువజామున పరుగిడువారిలో పెక్కుమంది చెవులయందు ఇయర్‌ఫోన్లు కానవచ్చుచున్నవి. సంగీతమునకు లయ కలదు గనుక అది పాదములను తన వెంట లాగికొనిపోవును. వేగమును పెంచదలచిననాడు అదియే తగును. పాడ్‌కాస్టు మనస్సును పట్టుకొనును. అందుచేత, ఆయాసములేక మాటలాడగలిగినంత మందగతితో సాగు దీర్ఘమైన పరుగులకు కథయో, జీవితచరిత్రయో, సంభాషణమో అనుకూలమగును.

ఉత్తేజము కలిగింపవలెనన్న, గెలుపును గూర్చి హోరెత్తించు ప్రసంగమే కానక్కరలేదు. ఒకనాడు విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ రామాయణ భారతములను వినిపించుచుండగా తెలుగిండ్లు చెవియొగ్గినవి. నేడు సాహిత్యకారులతో సంభాషించు ‘హర్షణీయం’ పాడ్‌కాస్టు, ప్రముఖుల జీవితములను భాగములుగా విప్పిచెప్పు కిరణ్ ప్రభ ప్రసంగములు ఆ శ్రవణాభిరుచిని నిలుపుచున్నవి. కథ తరువాయిని మరునాటి పరుగునకు దాచుకొన్నవానిని అలారముకంటె ముందుగా కుతూహలమే మేల్కొలుపును.

అయినను, వాహనములు తిరుగు బాటపై ఒక చెవిని తెరచియుంచుడు. ఎదురువచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన పరుగెత్తుడు. పందెములలో పాల్గొనువారు నిర్వాహకుల నిబంధనలను ముందుగా చదువుకొనుట మేలు, ఏలయన ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమములు పోటీస్థలమున ఇట్టి వినికిడి సాధనములను అనుచిత సహాయముగా నెంచుచున్నవి.

— సంపాదకుడు