ఎర్రకోటు పిల్లవాడు

బాలసాహిత్యం పెద్దల సాహిత్యానికి తొలిమెట్టు మాత్రమేననీ, అందులోనూ బొమ్మల పుస్తకం అక్షరాలు రాని వయసులో కాలక్షేపమనీ మనలో చాలామంది అభిప్రాయం. పిల్లవాడికి చదవడం వచ్చిన మరునాడే ఆ పుస్తకాలు అటకెక్కుతాయి. ప్రాచీన కావ్యాలను చదువుకొని, వాటినే పాఠాలుగా చెబుతూ వచ్చిన నాకు ఈ అభిప్రాయం అన్యాయంగా తోస్తుంది. ఒక సమాజం తన పిల్లల చేతికి ఇచ్చే మొదటి పుస్తకంలో ఎవరి బొమ్మ వేసిందో, ఎవరి బొమ్మ వేయకుండా వదిలేసిందో గమనిస్తే, అది ఎవరిని తనవారిగా ఎంచుకున్నదో తెలిసిపోతుంది. మహాకావ్యాలు సైతం ఆ సంగతిని ఇంత నిర్మొహమాటంగా చెప్పవు.

బొమ్మల పుస్తకాల చరిత్రను 1658లో కొమీనియస్ అనే విద్యావేత్త లాటిన్ నేర్పడానికి ప్రచురించిన సచిత్ర గ్రంథంతో ప్రారంభించడం పరిపాటి. అయితే అది పాఠ్యపుస్తకం. పాఠ్యపుస్తకాన్ని గుండెకు హత్తుకొని నిద్రపోయే పిల్లలు అరుదు. ఈ మాటను పాఠ్యపుస్తకంలోనే రాయవలసి రావడం వేరే సంగతి! బొమ్మల పుస్తకాన్ని కళాస్థాయికి చేర్చినవారిలో ముందుగా చెప్పుకోదగినవాడు ఆంగ్ల చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్. 1882లో ఆయన ఒక పాత పిల్లల పాటకు బొమ్మలు వేశాడు. పళ్లెం చెంచాతో కలిసి పారిపోవడంతో ఆ పాట ముగుస్తుంది. కాల్డెకాట్ అక్కడితో ఆగలేదు. చివరి బొమ్మలో పళ్లెం ముక్కలై నేలమీద పడి ఉంటుంది. చెంచాను ఆమె తల్లిదండ్రులైన కత్తి, ఫోర్కు చెరొక వైపు పట్టుకొని తీసుకుపోతుంటారు. ఈ విషాదాన్ని గురించి పాటలో ఒక్క మాటైనా లేదు. వాచ్యం కాని అర్థమే కావ్యానికి ఆత్మ అని తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ప్రతిపాదించాడు. మాట ఊరుకున్నచోట బొమ్మ పలకడం ఆ ధ్వనికి దూరపు చుట్టమేనని నా నమ్మకం.

ఆ కాల్డెకాట్ పేరుతో అమెరికా గ్రంథాలయ సంఘం 1938 నుండి ఏటా ఉత్తమ బొమ్మల పుస్తకానికి పతకం ఇస్తున్నది. 1963లో ఆ పతకం అందుకున్న పుస్తకం 'ది స్నోయీ డే'. మంచు కురిసిన రోజు అని అర్థం. రచయిత, చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్. కథ చాలా చిన్నది. పీటర్ అనే చిన్నవాడు నిద్రలేచి కిటికీలోంచి చూస్తే ఊరంతా మంచు. ఎర్రకోటు తొడుక్కొని వీధిలోకి వెళతాడు. పాదముద్రలు వేస్తాడు, కర్రతో చెట్టును కొట్టి దానిమీది మంచును తన నెత్తిమీదే రాల్చుకుంటాడు. పెద్దపిల్లల మంచుయుద్ధంలో చేరడానికి వయసు చాలదని గ్రహించి, ఒంటరిగా ఆడుకుంటాడు. రేపటి కోసమని ఒక మంచు ఉండను జేబులో దాచుకుంటాడు. రాత్రి పడుకోబోయే ముందు వెతికితే జేబులో ఏమీ ఉండదు. వాడి దుఃఖం ఎంతటిదో పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. తెల్లవారి లేచి చూస్తే మళ్లీ మంచు కురుస్తూ ఉంటుంది.

పీటర్ నల్లజాతి పిల్లవాడు. ఈ విషయం కథలో ఎక్కడా చెప్పరు. బొమ్మలో కనబడుతుంది, అంతే.

నేటి పాఠకునికి ఇందులో విశేషమేమీ తోచకపోవచ్చు. ఆనాటి స్థితి వేరు. నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 1965లో ఒక వ్యాసం ప్రచురించారు. 1962 నుండి 1964 వరకు మూడేళ్లలో అరవైమూడు ప్రచురణసంస్థలు తెచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కిస్తే, కనీసం ఒక్క నల్లజాతి మనిషైనా కనబడేవి 349 మాత్రమేనని ఆమె తేల్చారు. అంటే నూటికి ఏడైనా లేవు. లక్షలాది నల్లజాతి పిల్లలు అక్షరాలతోపాటు, పుస్తకాల లోకంలో తమకు చోటు లేదన్న పాఠాన్ని కూడా నేర్చుకున్నారన్నమాట. తెల్లపిల్లలు నేర్చుకున్నది ఇంకా ప్రమాదకరమైన పాఠం. లోకమంటే తామేనని!

కీట్స్ స్వయంగా నల్లజాతివాడు కాదు. పోలండ్ నుండి వలసవచ్చిన పేద యూదు దంపతులకు 1916లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. అసలు ఇంటిపేరు కాట్జ్. యూదులపట్ల వివక్ష బలంగా ఉన్న రోజుల్లో, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, ఆ పేరు మార్చుకున్నాడు. 1940లో లైఫ్ పత్రికలో అచ్చయిన ఒక నల్లజాతి పసివాడి ఫొటోలను కత్తిరించి ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్నాడు. ఇతరుల పుస్తకాలకు బొమ్మలు వేసి జీవిస్తున్న ఆ కాలంలో, అలాంటి పిల్లవాడు నాయకుడుగా ఉన్న కథ ఒక్కటీ తన చేతికి రాలేదట. చివరికి తానే రాశాడు. వేసిన తీరూ కొత్తదే. రంగురంగుల కాగితాలు, గుడ్డముక్కలు కత్తిరించి అతికించాడు. తల్లి గౌను అలమరల అరలలో పరిచే ఆయిల్‌క్లాత్ ముక్క. మంచురేకులు రబ్బరుతో చేసిన అచ్చులు. పీటర్ గది గోడమీది బూడిదరంగు టూత్‌బ్రష్‌తో చిలకరించిన సిరా.

లారిక్ ఈ పుస్తకాన్నీ వదిలిపెట్టలేదు. పీటర్ నల్లవాడని కథలో ఎందుకు చెప్పలేదని అడిగారు. స్థూలకాయంతో, గళ్ల పసుపు గౌనుతో ఉన్న తల్లి బొమ్మ పాత వెక్కిరింతలను గుర్తుకు తెస్తుందన్నారు. కీట్స్ నొచ్చుకొని జవాబు రాశాడు. రెండో ఆక్షేపణను తేలికగా తోసివేయలేము. మంచి మనసుతో గీసిన గీతలోనూ పాత అలవాటు దూరవచ్చు. మొదటిదానితో మాత్రం నేను ఏకీభవించను. ఒక పిల్లవాడు మంచులో ఆడుకోవడానికి తన జాతి చెప్పుకోవలసిన పని లేదు. తెల్లపిల్లల కథల్లో ఎవరూ ఆ పరిచయం అడగలేదు కదా! ఆ మౌనంలోనే ఈ పుస్తకం గొప్పతనం ఉంది. అయినా నల్లజాతి జీవితం వారి నోటినుండే రావలసి ఉండెను. 1969లో జాన్ స్టెప్టో అనే యువకుడు తన వీధి పిల్లల పలుకుబడితో 'స్టీవీ' రాసి, తానే బొమ్మలు వేశాడు.

న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 2020లో తన నూట ఇరవై అయిదేళ్ల చరిత్రలో పాఠకులు అత్యధికంగా ఇంటికి తీసుకువెళ్లిన పుస్తకాల జాబితా ప్రకటించింది. వాటిలో ప్రథమస్థానం 'ది స్నోయీ డే'ది. 4,85,583 సార్లు అది ఎవరో ఒకరి ఇంటికి వెళ్లింది. అదే జాబితాలో 'గుడ్‌నైట్ మూన్' అనే సుప్రసిద్ధమైన పుస్తకానికి చోటు దక్కలేదు. 1947లో వెలువడిన ఆ పుస్తకం నచ్చని గ్రంథపాలకురాలి కారణంగా అది 1972 దాకా ఆ గ్రంథాలయంలో అడుగుపెట్టలేదు. పిల్లలు ఏది చూడాలో నిర్ణయించేది పిల్లలు కారు.

ఈ ప్రశ్నను మన ఇంటికీ తెచ్చుకోవాలి. 1947 జూలైలోనే మనకు 'చందమామ' ఉదయించింది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలతో మూడు తరాలు పెరిగాయి. రాజు, మంత్రి, బేతాళుడు, షావుకారు ఎలా ఉంటారో మనకు చెప్పినవి ఆ బొమ్మలే. వాటి సౌందర్యాన్ని నేనూ తనివితీరా ఆస్వాదించాను. కాని మాలమాదిగ వాడల పిల్లలు, గిరిజన గూడేల పిల్లలు, ముస్లిం ఇళ్ల పిల్లలు తమ పేరుతో, తమ ఇంటి తిండితో కథానాయకులైన బొమ్మలు వాటిలో ఎన్ని? హైదరాబాదులోని 'అన్వేషి' స్త్రీల పరిశోధనా కేంద్రం 2008లో 'డిఫరెంట్ టేల్స్' అనే సచిత్ర కథల వరుస తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు అందులో రాశారు. తలకాయకూర వండుకునే ఇల్లు కూడా పిల్లల కథకు తగిన చోటే అయింది.

అటువంటి పుస్తకాలు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఎన్ని ఉన్నాయో ఒక సాయంకాలం వెళ్లి చూడండి. పిల్లల పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముందుగా అడగవలసి రావచ్చు.