లక్క మీది చేవ్రాలు

గాజువాకలో ఇనుము విలువ అందరికీ తెలుసు, తుక్కు విలువ ఇంకా బాగా తెలుసు. పోయిన ఏడాది మా తాతగారి ట్రంకు పెట్టె కూడా తుక్కు కొట్టుకే బయల్దేరింది. ఉక్కు కర్మాగారం కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు ఆయన మంచాలు వదిలేసి ఆ పెట్టెను భుజాన వేసుకొచ్చారట. లోపల పద్యాల గ్రామఫోను ప్లేట్లు.

"పాటలన్నీ సెల్‌ఫోన్లోనే ఉన్నాయి కదరా, ఈ బరువెందుకు?" అన్నారు నాన్న. నేను అడ్డం పడ్డాను. ఎందుకో చెప్పుకోడానికే ఈ నాలుగు మాటలు.

గాడి అయిపోయాక, లేబులు మొదలయ్యేలోపు ప్లేటు మీద కాస్త నున్నటి జాగా ఉంటుంది. చూడాల్సింది అక్కడ. 1890లలో, కాగితపు లేబులైనా లేని బెర్లినర్ ప్లేట్ల నడుమ చేత్తో గీసిన తేదీలు, కొన్నిటి మీద గాయకుల సంతకాలు ఉండేవి. 1904లో మిలాన్‌లో పుట్టిన ఫోనోటిపియా కంపెనీ అయితే పాడినవారి చేత మైనం మీదే సంతకం పెట్టించేది. ఆ మైనానికి లోహపు పూత పట్టించి ఒలిస్తే, గాడి గట్టుగా, సంతకం అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. అలాంటి అచ్చుతో వేడి లక్క ముద్దను నొక్కితే మళ్ళీ తిన్నగా తిరుగుతుంది. అంటే కొన్నవాడి చేతిలో ఉన్నది గాయకుడి చెయ్యి కదిలిన జాడే. ఆ లక్క మనకేం కొత్త? ఏటికొప్పాక బొమ్మలకి పట్టించేదీ ఆ పురుగు లక్కే.

మన దేశంలో సంతకం గొంతుతోనూ పెట్టారు. 1902లో కలకత్తాలో గైస్‌బర్గ్ దొర రికార్డు చేసినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పింది. 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ వచ్చేదాకా ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. పాడిందెవరో అక్కడివాళ్ళకి తెలియొద్దూ!

స్థానం నరసింహారావుగారు, కపిలవాయి రామనాథశాస్త్రిగారు, మన విజయనగరపు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందరూ ప్లేట్లకెక్కినవారే. మా పెట్టెలోని వాటి మీద మాత్రం సంతకాలు లేవు. నిజం చెప్పొద్దూ, నీరసం వచ్చింది. కానీ పక్కనుంచి టార్చి వేస్తే గీకిన నంబర్లు కనబడ్డాయి. ఏ అచ్చు నుంచి వచ్చిందో పోల్చుకోడానికి అదే ఆధారం. సెల్‌ఫోన్లోకి పాట వస్తుంది. ఈ గీత రాదు.

"పాట మిగిలితే చాలదా?" అంటారు పెద్దలు. చాలదు. ఎవరు పాడారో, ఏ ప్లేటు మీదనుంచి ఎక్కించారో తెలియని పాట అనాథ పాట. పగిలినవి కూడా దాచమనను. కానీ పారేసేముందు ఆ నంబరు, లేబులు రాసి పెట్టుకుంటే ఎవరి సొమ్ము పోయింది? మన లైబ్రరీలో ఒక్క అలమర ఇస్తే, ఇద్దరు విద్యార్థులం ఆదివారాలు కూర్చుని ఈ పని చేస్తాం. యూనియన్ వారు దీన్ని తీర్మానంలో పెట్టాలని నా మనవి.

ఇంకొకటి. ప్లేట్ల కాగితం కవర్ల మీద తాతగారు సిరాతో తన పేరు, కింద ఊరి పేరు రాసుకున్నారు. ఆ ఊరు ఇప్పుడు ప్లాంటు గోడ లోపలుంది. పెట్టె నా మంచం కిందుంది. అలమర ఖాళీ చేస్తే సోమవారమే తెచ్చిస్తాను.