ఆమేర్ కోట ఎవరి కొండ మీద ఉంది?

మన ఉద్యోగుల్లో ఈ మధ్య ఒక కొత్త ముచ్చట మొదలయ్యింది. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్. స్వర్ణ త్రిభుజం అని దానికి పేరు. మనకోసమే ఒక ఏసీ కారు, మనకోసమే ఒక గైడు, పడుకోడానికి ఒకప్పటి రాజావారి భవనంలో గది. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నంలో దిగి, అక్కణ్ణుంచి విమానం. నాలుగో రోజుకి ఇంటికి వచ్చేస్తారు. ఐదో రోజుకి ఫోటోలు వచ్చేస్తాయి. అద్దెకు తెచ్చిన తలపాగా, అద్దెకు తెచ్చిన కత్తి, మీసం మీద చెయ్యి. కింద ఒక మాట: రాయల్ ఫీలింగ్.

డబ్బు ఖర్చు పెట్టారని నాకు బాధ లేదు. మన పిల్లడు ఏసీ కారెక్కితే ఓర్వలేనివాళ్ళు ఊళ్ళో ఇప్పటికే చాలామంది ఉన్నారు, ఆ వరసలో నేను చేరను. కష్టపడి చదివి, డీఎస్సీ రాసి, కొండ దిగి వచ్చి ఉద్యోగం చేస్తున్నవాడు తాజ్ మహల్ ఎందుకు చూడకూడదు? చూడాలి. నా తగువు వాళ్ళు పెట్టిన డబ్బుతో కాదు, తెచ్చుకున్న చరిత్రతో.

ఈ ప్రయాణాల్లో అమ్మే సరుకు ఏమిటో ఒకసారి చూడండి. 1982లో ప్యాలెస్ ఆన్ వీల్స్ అనే రైలు వేశారు. మొదట్లో పాత సంస్థానాధీశులు వాడిన పెట్టెల్నే దానికి తగిలించారు. 2010లో మహారాజాస్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. నాలుగు రోజుల చిన్న ప్రయాణానికి కూడా మనిషికి లక్షల్లో టిక్కెట్టు. ఆ స్తోమత లేనివాడికి అదే సరుకు చిన్న పొట్లంలో, కారులో దొరుకుతుంది. పొట్లం ఏదైనా లోపల ఉన్నది ఒకటే: నాలుగు రోజులపాటు నువ్వు మహారాజువి. నీ చెప్పులు ఒకడు తీస్తాడు, నీ తలుపు ఒకడు తెరుస్తాడు, నీకు ఒకడు వంగి దండం పెడతాడు. మన తాతలు రాజుగారి మనిషి వస్తున్నాడంటే దారి చదును చేసి, పల్లకీ మోసి, కోడినీ తేనెనీ ఊరికే ఇచ్చి, వెట్టి చేసింది ఆ వేషానికే కదా. ఆ వేషమే మనం అద్దెకు తెచ్చుకుని ఫోటో దిగుతున్నాం.

ఇప్పుడు జైపూర్ సంగతికి వస్తాను, ఎందుకంటే మనవాళ్ళకి అసలు తెలియవలసింది అక్కడే ఉంది.

జైపూర్ అనగానే మా ఊళ్ళో ఒక ముసలాయన, “జైపూరెల్లడానికి ఇమానం ఎందుకు మాస్టారూ? పార్వతీపురం మీంచి రాయగడ పోతే ఎల్లిపోవచ్చు గదా” అన్నాడు. ఆయనకి తెలిసిన జైపూర్ కోరాపుట్ వైపు ఉన్న జయపురం. నేను నవ్వలేదు. ఆయనకి ఆ జయపురం రాజులంటే ఏమిటో వాళ్ళ నాన్న చెప్పాడు. రాజస్థాన్ జైపూర్ రాజులంటే ఏమిటో మనకి చెప్పినవాడు లేడు.

జైపూర్ నగరాన్ని 1727లో సవాయి జైసింగ్ కట్టించాడు. అంతకుముందు వాళ్ళ రాజధాని ఆమేర్. కొండ మీద పసుపు రాతి కోట, కింద చెరువు, పైకి ఎక్కడానికి ఏనుగులు. ఇప్పుడు మనం చూసే కోట పని 1592లో రాజా మాన్ సింగ్ మొదలుపెట్టించాడని గైడు చెప్తాడు. ఆ మాన్ సింగ్ అక్బర్ సేనాపతి, మన పక్కనున్న ఒడిశా మీదికి సైన్యాన్ని తెచ్చినవాడు కూడా ఆయనే. ఆ తర్వాత గైడు అద్దాల మహల్లోకి తీసుకుపోతాడు. 1592కి ముందు ఆ కొండ ఎవరిదో చెప్పడు. మనమూ అడగం.

ఆ కొండ మీణాలది. రాజస్థాన్‌లో ఇవాళ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్న మీణాలు. ఆమేర్‌ని సుసావత్ మీణా నాయకులు ఏలేవారు, దగ్గర్లోని ఖోహ్‌ని ఇంకో మీణా వంశం ఏలేది. కచ్ఛవాహ రాజపుత్రులు బయట నుంచి వచ్చి ముందు ఖోహ్‌ని, తర్వాత ఆమేర్‌ని తీసుకున్నారు. ఖోహ్‌ని ఎలా తీసుకున్నారో రాజపుత్రుల కథల్లోనే ఉంది, కర్నల్ టాడ్ అనే ఇంగ్లీషు దొర 1829–32లో అచ్చు వేయించిన పుస్తకంలోకి కూడా ఎక్కింది. దీపావళి నాడు మీణాలు ఆయుధాలు పక్కన పెట్టి చెరువులో స్నానాలు చేస్తుంటే మీద పడి చంపారట, చెరువు శవాలతో నిండిపోయిందట. ఇది ఓడిపోయినవాళ్ళు ఏడ్చి చెప్పుకున్న మాట కాదు, గెలిచినవాళ్ళు గొప్పగా చెప్పుకున్న మాట. బూందీకి ఆ పేరు బూందా మీణా వల్ల వచ్చింది, కోటాకి ఆ పేరు కోటియా భిల్లు వల్ల వచ్చింది అంటారు. ఊళ్ళ పేర్లలో మిగిలారు, ఊళ్ళలో మిగల్లేదు.

ఉదయపూర్ కూడా కలిపి చూపిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. అక్కడ మేవాడ్ రాజచిహ్నం మీద ఒక పక్క రాజపుత్రుడు, ఇంకో పక్క విల్లు పట్టుకున్న భిల్లు. చూడు మన ఆదివాసీకి ఎంత గౌరవం ఇచ్చారో అని మురిసిపోతాం. కొత్త రాణా గద్దె ఎక్కేటప్పుడు భిల్లు నాయకుడు తన వేలు కోసుకుని ఆ రక్తంతో తిలకం పెట్టాలన్నది ఆనవాయితీ. గౌరవమే కావచ్చు. నాకైతే అది భూమి రాసిచ్చినవాడి చేత ప్రతి తరంలోనూ మళ్ళీ వేలిముద్ర వేయించుకోవడంలా కనిపిస్తుంది.

ఆ మీణాల్నే ఇంగ్లీషు వాళ్ళ కాలంలో నేరస్త జాతి అన్నారు. పోలీసు ఠాణాకి పోయి హాజరు వేయించుకోవాలి. మన ఎరుకల వాళ్ళకి ఆ హాజరు పట్టీ గురించి నేను చెప్పక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. కోట పోగొట్టుకున్నవాడు దొంగ, తీసుకున్నవాడు మహారాజు. ఆ మహారాజు తలపాగాతో మన ఫోటో.

ఆగ్రా గురించి నేను ఎక్కువ చెప్పను. తాజ్ మహల్ అందమైనదే. 1632 నుంచి ఇరవై వేలమంది దానికి పనిచేశారంటారు, వాళ్ళలో ఒక్కడి కథైనా చెప్పమని గైడుని అడగండి, చాలు.

ఢిల్లీలో మాత్రం ఆగాలి. రాష్ట్రపతి భవనం ఉన్నది రైసినా కొండ మీద. రైసినా అంటే ఒక ఊరు. పక్కనే మాల్చా ఇంకో ఊరు. కొత్త రాజధాని కోసం 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఆ ఊళ్ళ భూములు తీసుకుని జనాన్ని పంపేశారు. తర్వాత రిజర్వాయర్లకీ గనులకీ ఈ దేశంలో ఆదివాసుల భూములు తీసుకున్నదీ ఆ చట్టమే. 2013లో కొత్త చట్టం వచ్చేదాకా అది బతికే ఉంది. కారు ఆ రోడ్డు మీద మెల్లగా పోతుంది, ఫోటో తీసుకోమంటారు. ఆ దగ్గర్లోనే రాజ్యాంగ సభ కూర్చున్న పాత పార్లమెంటు భవనం ఉంది. 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా లేచి నిలబడి, నేను జంగిల్ మనిషినే, మా జనాన్ని వేల ఏళ్ళుగా తరుముతూ వచ్చారు, ప్రజాస్వామ్యం మాకు మీరు నేర్పక్కర్లేదు అని అర్థం వచ్చేలా మాట్లాడింది అక్కడే. 1928 ఒలింపిక్స్‌కి వెళ్ళి బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకి కెప్టెన్ ఆయన. మన ఉద్యోగానికీ, రిజర్వేషన్‌కీ, మన పిల్లల స్కాలర్‌షిప్‌కీ వెనక ఆ గొంతు ఉంది. ఏ ప్యాకేజీలో ఆయన పేరు చెప్తున్నారు?

ఒక తోటి ఉపాధ్యాయుడు నన్ను అడిగాడు: “రెండు రోజులు సరదాకి పోతే దాన్నీ పరీక్ష చేసేస్తారేటి గురువుగారూ?” సరదాని నేను కాదనను. కానీ మనం ఉపాధ్యాయులం. సెలవుల్లో చూసింది జూన్‌లో తరగతిలోకి వస్తుంది. మనం మురిసిపోయింది పిల్లలకి గొప్పగా కనిపిస్తుంది. సవర పిల్ల, జాతాపు పిల్లడు బెంచీ మీద కూర్చుని, చరిత్ర అంటే రాయి, రాయి అంటే రాజు, మాకు రాయి లేదు కాబట్టి మాకు చరిత్ర లేదు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. ఇదీ నా భయం. ఇది సరదా ఖర్చు కాదు, ఒక తరం మీద పడే ఖర్చు.

రాజస్థాన్ గైడుని తిట్టేముందు మన గుమ్మం చూసుకుందాం. ఆమదాలవలస నుంచి ఒక్క పూట ప్రయాణంలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. కళింగనగరం అదేనని, తూర్పు గాంగులు కటకం వెళ్ళకముందు వాళ్ళ రాజధాని అదేనని చరిత్రకారులు రాశారు. ఆ గాంగుల మూలపురుషుడు కామార్ణవుడు మహేంద్రగిరి మీద గోకర్ణస్వామికి మొక్కి, దిగివచ్చి, శబరాదిత్యుడనే రాజుని చంపి కళింగం తీసుకున్నాడని వాళ్ళ శాసనాల ఆధారంగా చెప్తారు. శబరాదిత్యుడు. పేరులోనే సవర ఉంది. ఆమేర్‌లో మీణా ఎవరో, ఇక్కడ సవర ఆయనే.

గుడి కథ కూడా వినండి. సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పచెట్టు పువ్వుల కోసం వాళ్ళకి తగువు వచ్చింది. విసిగిపోయి ఆయన చెట్టు నరికితే శివుడు కనిపించాడు. మధూకం అంటే ఇప్ప, అందుకే మధుకేశ్వరుడు. ఇప్పపువ్వు ఏరుకోవడం, దాని కోసం ఇంట్లో మాటామాటా అనుకోవడం, ఇంతకన్నా మన ఇంటి కథ ఇంకోటి ఉంటుందా? కానీ స్థలపురాణం దానికి ఒక ముందుమాట తగిలించింది. ఆ సవరలు నిజానికి సవరలు కారట, ముని శాపం వల్ల అలా పుట్టిన గంధర్వులట! దేవుడు సవర మనిషికి కనిపించాడని ఒప్పుకోలేక సవర పుట్టుకనే శాపం చేశారు. పూరీ జగన్నాథుడి కథలో విశ్వావసువుకి జరిగిందీ ఇంచుమించు ఇదే, దేవుడు ఆయన దగ్గర ఉన్నాడు, తర్వాత రాజు దగ్గరికి పోయాడు. ఈ మాట మన పిల్లలకి ముఖలింగం గుడి ముందు నిలబెట్టి చెప్పిన బడి ఎన్ని ఉన్నాయి? నేను పనిచేసిన ఒక బడిలో ఏడాదికొకసారి వచ్చే విహారయాత్ర డబ్బుతో పిల్లల్ని విశాఖలో నీళ్ళ ఆటల పార్కుకి తీసుకుపోయారు. ముఖలింగం అంటే, “అక్కడ చూడ్డానికేటుంది?” అన్నారు.

ఇక విహారయాత్ర మన దగ్గరికే వచ్చినప్పుడు మనం ఏమవుతున్నామో చెప్తాను. 2017 నుంచి విశాఖ–అరకు రైలుకి అద్దాల పెట్టె వేశారు. పైకప్పూ అద్దమే. యాభై ఎనిమిది సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పోతారు. ఆ లైను బైలడిల్లా ఇనుప ఖనిజం దింపి జపాన్‌కి పంపడానికి వేసిందని ఆ అద్దాల్లోంచి కనిపించదు. బొర్రా గుహల్ని 1807లో ఒక ఇంగ్లీషు దొర కనిపెట్టాడని చెప్తారు, అంతకుముందు ఆ చుట్టూ బతికినవాళ్ళకి కళ్ళు లేనట్టు. ఆ బొర్రా కొండల్లో ప్రైవేటు గనుల లీజుల మీదే సమత కేసు నడిచింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గని లీజు ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. దేశంలో ఆదివాసీ భూమి గురించి ఎక్కడ వాదన జరిగినా ఎత్తే తీర్పు అది. గుహలో రంగు లైట్ల కింద రాయిని చూపించి ఇది శివపార్వతులు, ఇది ఏనుగు అంటారే గానీ ఇది ఆ తీర్పు పుట్టిన కొండ అనరు. సాయంత్రం రిసార్టులో థింసా. పెళ్ళికీ పండక్కీ మన ఇష్టానికి ఆడే ఆట, వాళ్ళు భోజనం చేస్తుండగా ఆడాలి. జైపూర్‌లో మనం చూసిందీ అదే కదా. అక్కడ ఎవరి ఆటో మనం తింటూ చూశాం, ఇక్కడ మన ఆట వాళ్ళు తింటూ చూస్తున్నారు.

ఆడొద్దని నేను అనను. ఆ రాత్రి డబ్బుతో ఇల్లు నడుస్తున్న చెల్లెళ్ళు ఉన్నారు, వాళ్ళకి నీతులు చెప్పే అర్హత జీతం తీసుకునే నాకు లేదు. నేను అడిగేది డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళని. అరకులో, సీతంపేటలో కారు నడుపుతున్నది మీరు, సామాన్లు మోస్తున్నది మీరు, వంట చేస్తున్నది మీరు. మాట్లాడే పని మాత్రం పైనుంచి వచ్చినవాడిది. ఆ మాట్లాడే పని తీసుకోండి. బొర్రా ముందు సమత తీర్పు చెప్పండి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాములు కాల్పులు జరిపారని, కోరన్న, మంగన్న చనిపోయారని ఆ దారిన పోయేటప్పుడు చెప్పండి. వినడానికి ఇష్టపడనివాడు అద్దం ఎక్కించుకుంటాడు. వినేవాడూ ఉంటాడు.

ఉపాధ్యాయులకి ఇంకొక్క మాట. ఢిల్లీ, జైపూర్ పోయేవాళ్ళు పోండి. ఆమేర్‌లో మీణాల గురించి గైడుని గట్టిగా, నలుగురూ వినేలా అడగండి, వచ్చాక ఆయన ఏం చెప్పాడో పిల్లలకి చెప్పండి. ఈ ఏడాది విహారయాత్రకి మాత్రం ముఖలింగం, శాలిహుండం కలిపి ఒక్క రోజులో పెట్టండి, ఒక బస్సు చాలు. సవర పిల్లలుంటే ఇప్పచెట్టు కథ ముందు వాళ్ళ భాషలో, వాళ్ళ అవ్వ చేత చెప్పించండి, అవ్వని కూడా బస్సెక్కించండి. శివరాత్రి ముందూ వెనకా వారం రోజులు మాత్రం పెట్టుకోకండి, చక్రతీర్థం జనంలో పిల్లలు తప్పిపోతారు.