బల్ల ఒక్కటే, పళ్లెములు వేరు

మిత్రబృందంతో బయట భోజనానికి వెళ్లినప్పుడు అసలు పరీక్ష బిల్లు వచ్చిన తరువాత కాదు, ఎవరికి ఏమి కావాలో చెప్పవలసినప్పుడే ఆరంభమవుతుంది.

న్యూయార్కులోని పాత స్టేక్ హౌస్‌లలో కీన్స్ ఒకటి. 1885లో వెలసినది. దాని పైకప్పుకు వేలకొలది మట్టి పైపులు వ్రేలాడుతూ ఉంటాయి. పూర్వం అక్కడికి నిత్యం వచ్చే పెద్దమనుషులు తమ పొగాకు పైపులను అక్కడనే భద్రపరచుకొనేవారు. స్త్రీలకు మాత్రం ప్రవేశం లేకుండెను. లిల్లీ లాంగ్ట్రీ అనే నటి 1905లో న్యాయస్థానానికెక్కి గెలిచినదని ఆ హోటలువారే చెప్పుకొంటారు. తాము ఓడిన దావాను ఇంత సంతోషంగా చెప్పుకొనే వ్యాపారులు అరుదు!

అట్టి చోటికి అమెరికాలో చదువుకొంటున్న మన విద్యార్థులు ఐదుగురు వెళ్లారనుకొందాం. ఇద్దరికి ఏ నిషేధమూ లేదు. ఒకరు గోమాంసం ముట్టరు. ఒకామె శాకాహారి. ఒకరు జబీహా కాని మాంసం తినరు. స్టేక్ అంటే సాధారణంగా గోమాంసపు మందమైన ముక్కయే గదా! సగం కాలిన ముక్కనుండి కారే ఎర్రని రసాన్ని రక్తమని తలచి జడిసేవారున్నారు. అది రక్తం కాదు, కండరంలోని మయోగ్లోబిన్ కలిసిన నీరు. అయితే జబీహా నియమం వధించే విధానానికి సంబంధించినది గనుక ఈ వివరణతో తీరేది కాదు.

నిజానికి కీన్స్ పేరుపొందినదే మటన్ చాప్‌కు. రొయ్యలున్నాయి, బంగాళాదుంపలు, పాలకూర ఉన్నాయి. ఎవరూ పస్తుండనక్కరలేదు. అయినను మనవాడు "నాకు ఆకలిగా లేదు" అంటాడు. ఈ అబద్ధమే నాకు నచ్చదు. తన నియమాన్ని ఒక్క మాటలో చెప్పి రొయ్యలు తెప్పించుకొనేవానిని చూచి నవ్వేవారు మిత్రులు కారు. నవ్వరని నమ్మలేకపోవడం ఆ మిత్రులకే అవమానం.

ఇక బిల్లు. ఇట్టి హోటళ్లలో ప్రతి పదార్థానికీ ధర వేరు. స్టేక్ వెల ఒకటి, దుంపల వెల వేరొకటి. మొత్తాన్ని ఐదుగురికీ సమంగా పంచితే, పాలకూర తిన్నామె ఇతరుల మాంసానికి వెల చెల్లించినట్లే. స్నేహంలో లెక్కలేమిటని కొందరంటారు. మన దావత్‌లలో పిలిచినవాడే భరించేవాడు గనుక ఆ మాట అక్కడ చెల్లును. ఎవరూ ఎవరినీ పిలువని చోట, నెలాఖరు రోజులలో, అది చెల్లదు. తక్కువ తిన్నవాడు "నా వంతు తగ్గించండి" అని నోరు విప్పలేడు. కనుక ఎక్కువ తిన్నవాడే ముందుగా కాగితం అందుకొని ఎవరి లెక్క వారికి తేల్చాలి. స్టేక్ కోసం ఉవ్విళ్లూరినవానికి ఈ మాత్రం శ్రమ భారం కారాదు.

టిప్పు విషయంలో మాత్రం ఈ తగ్గింపులు కూడవు. అక్కడ వడ్డించేవారి రాబడిలో పెద్ద భాగం అదే. బిల్లులో నూటికి పదిహేను నుండి ఇరవై వరకు ఇవ్వడం వాడుక. అది అందరూ సమంగా వేసుకొనవలసినదే. దుంపలు మాత్రమే తిన్నామె గ్లాసు కూడా ఆ మనిషి నాలుగుసార్లు నింపి ఉంటాడు.