మీ చెవి రిపోర్టు మీ చేతికి రావాలి

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు:

ప్రెస్ షాపులో, గ్రైండింగ్ దగ్గర, కంప్రెసర్ పక్కన ఏళ్ల తరబడి పనిచేసిన మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. టీవీ సౌండు పెంచమంటాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టమంటాడు. పిల్లలు ఏదో అడిగితే తలూపి నవ్వేస్తాడు. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందంటారు, బయటివాళ్లు చెవిటి మేళం అంటారు. నలభై ఐదుకే వయసేమిటి? అది మిషన్ల మోత చేసిన పని.

ఇది మా సొంత కవిత్వం కాదు. మోత వల్ల వచ్చే చెముడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది. ఈఎస్‌ఐ చట్టం వృత్తిరోగాల జాబితాలోనూ ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు కూడా దాన్ని తీసేయలేదు. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ హద్దు అని ఫ్యాక్టరీల చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నియమాలు చెప్పాయి. 95 అయితే నాలుగు గంటలే, 100 అయితే రెండే. ఆ హద్దు దాటే చోట పనిలో చేరిన 14 రోజుల్లోపు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించాలన్నదీ ఆ నియమాల్లోని మాటే. కొలవడానికి మీటరు లేదా? చేతికందే దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే మీ చెవికి ముప్పు ఉన్నట్టే.

మీలో ఎంతమందికి ఆ పరీక్ష జరిగింది? జరిగినా, రిపోర్టు ఎవరి బీరువాలో ఉంది?

పరీక్షంటే జంకేవాళ్లున్నారు. సూది లేదు, నొప్పి లేదు. ముందు డాక్టరు చెవిలోకి లైటు వేసి చూస్తారు. గుమిలి పేరుకుని ఉంటే తీయిస్తారు. కొందరి సమస్య అక్కడితోనే తీరిపోతుంది. తర్వాత శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెడతారు. ఒక్కో చెవిలో విడివిడిగా కూత వినిపిస్తుంది, కాసేపు బొంగురుగా, కాసేపు కీచుగా. వినపడీ వినపడనంత సన్నగా ఉన్నా సరే, వినపడిందనిపిస్తే బటన్ నొక్కాలి లేదా చెయ్యెత్తాలి. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. ఊహించి నొక్కితే నష్టం మీకే. ఆపైన చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం ఆనించి మళ్లీ అదే వినిపిస్తారు. లోపం చెవి గొట్టంలో, కర్ణభేరి దగ్గర ఉందా, లోపలి నరం వైపు ఉందా అన్నది దానితో తేలుతుంది. మొత్తం అరగంట పని.

చివర ఒక గ్రాఫు చేతికొస్తుంది. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గుర్తులు ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. మోత దెబ్బ తిన్న చెవికి సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. అందుకే మాట వినపడుతుంది కానీ ఏమన్నారో అర్థం కాదు. స, ష, త లాంటి సన్నటి ధ్వనులే ముందు జారిపోతాయి. లోపల చచ్చిపోయిన కణాలు మళ్లీ మొలవవు. చెవి మిషన్ సాయపడుతుంది, పోయినదాన్ని తిరిగి తేదు.

ఇక మా డిమాండ్. చేరిన రోజుల్లోనే పరీక్ష చేసి, దాని కాపీ కార్మికుడికి ఇవ్వాలి. ఆ మొదటి రిపోర్టు లేకపోతే పదేళ్ల తర్వాత "నీకు ముందు నుంచే వినపడదేమో" అన్నవాడికి మీ దగ్గర జవాబుండదు. ఆ తర్వాత ఏటా ఒకటి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్తే చెవి మొద్దుబారి ఉంటుంది, లెక్క తప్పుతుంది. కాబట్టి వారాంతపు సెలవు మర్నాడు పొద్దున, షిఫ్టు ఎక్కకముందే, జీతం కోయకుండా చేయించాలి. నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో వారానికో పూట పూర్తిగా ఈ పరీక్షలకే కేటాయించాలి. ఇది దయ కాదు: మన జీతంలో నూటికి ముప్పావు రూపాయి నెలనెలా అక్కడికే పోతోంది.

ఈఎస్‌ఐ కార్డు లేనివాళ్లకు కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. అలీ యావర్ జంగ్ పేరుతో నడిచే జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

రిపోర్టు తేడాగా వస్తే పనిలోంచి తీసేస్తారేమోనని మీ భయం. అది ఉత్త భయమని మేం అనం, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల విషయంలో అసలే అనం. అందుకే ఒక్కరుగా అడగొద్దు, షాపు షాపంతా కలిసి అడగండి. గ్రాఫులో గుంట కనపడితే మార్చాల్సింది మనిషిని కాదు. మిషన్‌కు మూత పెట్టాలి, చెవికి సరిపడే ప్లగ్గులివ్వాలి, మోత తక్కువున్న చోట పని చూపాలి.

పక్క మిషన్ మీది బిహారీ, ఒడియా తమ్ముళ్లకు ఈ తెలుగు కాగితం చదవడం రాదు. టీ టైములో వాళ్లకు చదివి చెప్పండి, అడిగేటప్పుడు వాళ్లనీ వెంట తీసుకెళ్లండి.