అమ్మానాయనలకు ఇంగ్లీషు నేర్పాల్సింది మనమే

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

ముందు నా తప్పు చెప్తాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఒకరోజు కూలి పోగొట్టుకొని, హిందూపురంలో రైలు దిగి నేరుగా మా బడికి మీటింగుకు వచ్చినాడు. అది ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. సారు ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెట్టి, నేను సరిగా బడికి రావడం లేదని, లెక్కల్లో బాగా వెనకబడినానని అంతా ఇంగ్లీషులోనే చెప్పినాడు. నాయన నా మొహం చూసినాడు. నేను మన గోర్‌బోలీలో "బాగా చదువుతున్నానంట" అన్నాను. ఆ మాట సారుకు అర్థం కాలేదు, సారు మాట నాయనకు అర్థం కాలేదు. నాయన నవ్వి, దండం పెట్టి, చూపించిన చోట సంతకం పెట్టి పోయినాడు. ఆ సంవత్సరం నేను లెక్కల్లో తప్పినాను.

మనలో చాలామంది ఈ పని చేసినవాళ్లమే. ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లం కాబట్టి బడికీ ఇంటికీ మధ్య మనమే దుబాసీలం. దుబాసీ ఏం చెప్తే అదే నిజం. అమ్మానాయనలకు సాయం చేస్తున్నామనుకుంటాం గానీ, చాలాసార్లు వాళ్లకు అడ్డంగా నిలబడేది మనమే.

ఇందులో వాళ్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మన తండాల్లో వానల్లేక శెనక్కాయ పంట పోతే మూట కట్టుకొని బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట్లో గోర్‌బోలీ, సంతలో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడ. ఏ బడీ నేర్పకుండానే మూడు భాషలు మాట్లాడతారు. ఎరుకల ఇండ్లలోనూ ఇంతే, ఇంటి భాష ఒకటి, బయటి భాషలు రెండు. ఇంగ్లీషు కూడా వాళ్లకు కొత్తేం కాదు. సైట్, సెంట్రింగ్, కాంక్రీట్, లెవల్, అడ్వాన్స్, షిఫ్ట్, ఓవర్‌టైమ్ అన్నీ ఇంగ్లీషు మాటలే కదా. పనిలో అవసరం పడింది, వచ్చేసింది. బడి మాటలు మాత్రం రాలేదు, ఎందుకంటే బడి దగ్గర వాళ్లను మాట్లాడనిచ్చిందెవరు?

2019 నవంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల ఇష్టం అడిగితే ఎక్కువమంది ఇంగ్లీషే కావాలని రాసిచ్చినారు. మనవాళ్లు కోరుకున్నది తప్పు కాదు. కానీ ఇంగ్లీషు కావాలని సంతకం పెట్టిన అమ్మకు, ఆ ఇంగ్లీషులో వచ్చే కార్డు చదవడం నేర్పాలని ఎంతమందికి తట్టింది? 2025 జులై 10న మన జిల్లా కొత్తచెరువులోనే ముఖ్యమంత్రి వచ్చి మెగా పేరెంట్ టీచర్ మీటింగులో కూర్చున్నారు. మంచిదే. కానీ మీటింగులో కుర్చీ దొరికినంత మాత్రాన మాట దొరకదు.

బయటి దేశాల్లో దీన్ని ప్రభుత్వమే పనిగా పెట్టుకుంది. ఆస్ట్రేలియాలో వలస వచ్చిన పెద్దవాళ్లకు 1948 నుంచీ ఇంగ్లీషు నేర్పుతున్నారు. మన తండాకు అలాంటి క్లాసు ఎప్పుడొస్తుందో ఎదురుచూస్తూ కూర్చోవద్దు. గ్రామర్ అక్కర్లేదు, ఏబీసీడీలతో మొదలుపెట్టక్కర్లేదు. వస్తువు చేతిలో పెట్టి చెప్పండి.

ప్రోగ్రెస్ కార్డు తీసి ప్రెజెంట్, ఆబ్సెంట్, పాస్, ఫెయిల్, మార్క్స్, రిమార్క్స్ అనే ఆరు మాటలు చూపించండి. అక్షరాలు రాకపోయినా ఆకారం గుర్తుపడతారు, బస్సు బోర్డు గుర్తుపట్టినట్టే. బడి నుంచి ఫోనుకు వచ్చే మెసేజ్‌లో హాలిడే, ఫీజు, లాస్ట్ డేట్ చూపించండి. మాత్రల అట్ట మీద ఎక్స్‌పైరీ డేట్ చూపించండి. తెలుగు చదవగలిగిన నాయనైతే, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్న సర్కారు పాఠ్యపుస్తకమే చాలు, తమ్ముడూ నాయనా కలిసి చదువుకుంటారు. కులం సర్టిఫికెట్ మీద ఏముందో తప్పకుండా చూపించండి. ఇక్కడ సుగాలీలం ఎస్టీలం, సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే మనవాళ్లు ఎస్సీ జాబితాలో ఉంటారు. బెంగళూరులో పిల్లోణ్ణి బడిలో చేర్చేటప్పుడు ఆ గడిలో ఏం రాస్తున్నారో నాయనకు తెలియాలి.

"పొద్దంతా కాంక్రీటు మోసి వచ్చినోళ్లకు రాత్రి ఇంగ్లీషు పాఠమా?" అంటారు. న్యాయమైన మాటే. అందుకే రోజుకు ఒక్క మాట చాలంటున్నా. "మన భాష వదిలేసి ఇంగ్లీషు ఎందుకు?" అంటారు. వదలమని ఎవరన్నారు? గోర్‌బోలీలోనే వివరించండి. సారును తెలుగులో చెప్పమని అడగడం కూడా నేర్పండి, అది వాళ్ల హక్కు. ఇంగ్లీషు వచ్చినోళ్లే గొప్పోళ్లని నేను అనడం లేదు. సంతకం పెట్టే కాగితంలో ఏముందో పెట్టేవాళ్లకు తెలియాలి, అంతే.

మా అమ్మకు అక్షరాలు రావు. పోయిన సంవత్సరం ఆ ఆరు మాటలు నేర్పినాను. ఒకరోజు ఫోనులో మెసేజ్ చూసి, "ఆబ్సెంట్ అని ఉంది, యాడికి పోయినావురా?" అని మా తమ్ముణ్ణి పట్టుకుంది. వాడు నా వైపు చూసినాడు, అన్న ఏదో ఒకటి సర్ది చెప్తాడని. నేను నోరు మూసుకున్నా.

ఈసారి మీటింగుకు ముందురోజు రాత్రి మీరూ ఒక కార్డు ముందేసుకొని కూర్చోండి. ఏ మాటతో మొదలుపెట్టినారో ఇక్కడ రాయండి, మిగతా తండాలకు పనికొస్తుంది.